కాన్వాసుపై పూలు... ఘాటు లేకుండా!

ఆయిల్ పెయింటింగ్ అంటే ఇష్టం. కానీ టర్పెంటైన్ వాసన పడదు. డబ్బా మూత తీస్తే చాలు, తలనొప్పో దగ్గో మొదలవుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే అదో భయం. ఇలాంటి కారణాలతో కుంచె పక్కన పెట్టేసినవారు చాలామందే. నీటితో కలిసే ఆయిల్ రంగులు వీరికి మంచి మార్గం. వీటితో పూలను చూస్తూ ఒక బొమ్మ పూర్తిచేయటమెలా? ఆ క్రమంలో ఒంటికి, కంటికి, ఇంటికి ఎలాంటి జాగ్రత్తలు అవసరం?

ఉద్యోగ విరమణ అయ్యాకో, పిల్లలు పైచదువులకు వెళ్లాకో చాలామందికి పాత సరదాలు మళ్లీ గుర్తుకొస్తాయి. వాటిల్లో బొమ్మలు వేయటం ఒకటి. అన్ని రంగుల్లోనూ ఆయిల్ రంగుల తీరు వేరు. వాటర్ కలర్‌లో తప్పు పడితే దిద్దుకోవటం కష్టం. అక్రిలిక్ నిమిషాల్లోనే ఆరిపోతుంది. ఆయిల్ రంగు అలా తొందరపెట్టదు. గంటల తరబడి తడిగానే ఉంటుంది. నచ్చకపోతే గుడ్డతో తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి, చేయి కాస్త నెమ్మదించిన పెద్దవారికి ఇది ఎంతో అనువైంది. చిక్కల్లా రంగును పలుచన చేయటానికి, కుంచెలను కడగటానికి వాడే ద్రావకాలతోనే.

అసలు ఇబ్బంది ఎక్కడ?

టర్పెంటైన్‌ను పైన్ జాతి చెట్ల జిగురు నుంచి తీస్తారు. ‘చెట్టు నుంచి వచ్చిందే కదా, ఏమవుతుంది’ అనుకోవటానికి లేదు. దీని ఆవిర్లు కళ్లు, ముక్కు, గొంతును చికాకు పరుస్తాయి. ఎక్కువసేపు పీలిస్తే తలనొప్పి, తల తిరగటం, వికారం వంటివి వేధించొచ్చు. ఆస్థమా ఉన్నవారికి ఆయాసం ఎక్కువ కావొచ్చు. తరచూ చేతులకు అంటుకుంటుంటే చర్మం పొడిబారి పగలటం, ఎర్రటి దద్దుర్లు, దురద తలెత్తొచ్చు. కిటికీలు మూసేసి ఏసీ వేసుకునే చిన్న గదుల్లో, అపార్ట్‌మెంట్లలో ఆవిర్లు తొందరగా బయటకు పోవు. దీంతో ఇబ్బంది ఇంకాస్త పెరుగుతుంది.

‘వాసన లేని’ థిన్నర్లు కూడా పూర్తిగా సురక్షితమేమీ కాదు. వాసన తగ్గినా ఆవిరి గాల్లో కలుస్తూనే ఉంటుంది. పైగా ముక్కుకు తెలియదు కాబట్టి మనమూ అంతగా పట్టించుకోం.

పిల్లలున్న ఇళ్లలో మరో ప్రమాదమూ పొంచి ఉంటుంది. టర్పెంటైన్ చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. నీళ్ల సీసాలో పోసి పెడితే పిల్లలు పొరపాటున తాగేయొచ్చు. అది మింగేటప్పుడో, వాంతి అయ్యేటప్పుడో ఊపిరితిత్తుల్లోకి చేరితే తీవ్రమైన న్యుమోనియాకు దారితీస్తుంది. అందుకే ఎవరైనా దీన్ని తాగితే బలవంతంగా వాంతి చేయించకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీసా కూడా వెంట తీసుకెళ్తే డాక్టర్లకు చికిత్స తేలికవుతుంది.

నూనె, నీరు ఎలా కలుస్తాయి?

ఆయిల్ రంగంటే మెత్తటి రంగు పొడిని అవిసె నూనె వంటి ఆరిపోయే నూనెలో నూరి చేసిన ముద్దే. మామూలుగా ఇది నీటితో కలవదు. నీటితో కలిసే రకంలోనూ ఉండేది నూనే. కాకపోతే నూనె గుణాన్ని కాస్త మార్చటమో, నూనెనూ నీటినీ కలిపి ఉంచే పదార్థాన్ని జోడించటమో చేస్తారు. గిన్నెల జిడ్డు సబ్బుతో నీటిలోకి వచ్చేస్తుంది కదా. ఇదీ దాదాపు అలాంటిదే. దీంతో టర్పెంటైన్‌కు బదులు నీటితోనే రంగును పలుచన చేసుకోవచ్చు. కుంచెను సబ్బు నీటితో కడుక్కోవచ్చు.

ఇది రెండంచెల్లో ఆరుతుంది. ముందు నీరు ఆవిరవుతుంది. తర్వాత నూనె గాల్లోని ఆక్సిజన్‌ను గ్రహిస్తూ నెమ్మదిగా గట్టిపడుతుంది. పూర్తిగా ఆరాక నీటికి కరగదు. అంటే చివరికి తయారయ్యేది అసలైన ఆయిల్ పెయింటింగే. విన్సర్ అండ్ న్యూటన్ వారి ‘ఆర్టిసాన్’, రాయల్ టాలెన్స్ వారి ‘కోబ్రా’, హోల్బీన్ వారి ‘డ్యుయో ఆక్వా’ ఈ కోవలోవే. ఇవి అన్ని దుకాణాల్లో దొరకకపోవచ్చు. ధరా కొంచెం ఎక్కువే. కాబట్టి పెద్ద సెట్టు కన్నా నాలుగైదు ట్యూబులతో మొదలుపెట్టటం మంచిది.

వాసన పోయింది, మరి రంగు?

ఇక్కడే చాలామంది పొరపడుతుంటారు. నీటితో కలుస్తుంది కాబట్టి పూర్తిగా నిరపాయమని అనుకుంటారు. మారింది నూనె మాత్రమే. రంగు పొడి మామూలు ఆయిల్ రంగుల్లో వాడేదే. కొన్ని ఎరుపు, పసుపు రంగుల్లో కాడ్మియం, కొన్ని నీలం రంగుల్లో కోబాల్ట్ ఉంటాయి. చిత్రకారులకు రంగులతో ముప్పు కొత్తదేమీ కాదు. వృత్తి సంబంధ జబ్బులపై 1700లో పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని అప్పుడే చిత్రకారుల జబ్బులను ప్రస్తావించారు. అప్పట్లో సీసంతో చేసిన తెలుపు విరివిగా వాడేవారు. ఇప్పుడు దాని స్థానాన్ని చాలావరకు టైటానియం వైట్ ఆక్రమించింది.

ట్యూబులోని ముద్ద రంగు చర్మానికి కాస్త అంటుకున్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. నోట్లోకి, ముక్కులోకి వెళ్లకుండా చూసుకోవటమే కీలకం. కుంచె మొనను నోటితో తడపొద్దు. ఆరిన రంగును గరుకు కాగితంతో రుద్దొద్దు. దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. బొమ్మ వేస్తూ మిక్చరో, బిస్కెట్లో తినొద్దు. కుంచె కడిగే గ్లాసు పక్కన టీ కప్పు అసలే పెట్టొద్దు. ధ్యాసలో పడి ఒకదానికి బదులు మరొకటి నోటికి వెళ్లే ప్రమాదముంది.

ట్యూబు కొనేటప్పుడు పేరు చూడండి. ‘కాడ్మియం రెడ్ హ్యూ’ అని ఉంటే ఆ రంగును పోలిన మరో పదార్థంతో చేశారని అర్థం. ఇంట్లో వాడుకోవటానికి ‘హ్యూ’ రకాలు మేలు. కొన్ని ట్యూబుల మీద ‘ఏపీ’ ముద్ర కనిపిస్తుంది. అది విషపూరితం కాదని పరిశీలించి ఇచ్చే గుర్తు. ‘సీఎల్’ ముద్ర ఉంటే హెచ్చరికలు తప్పకుండా చదవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కాడ్మియం, సీసం కలిసిన రంగుల జోలికి వెళ్లకపోవటం మంచిది. చిన్నపిల్లలకు వారికోసం తయారుచేసిన రంగులే ఇవ్వాలి.

ఏమేం కావాలి?

* టైటానియం వైట్, కాడ్మియం ఎల్లో హ్యూ, ఏదైనా ఒక ఎరుపు, అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా. ఈ 5 ట్యూబులు చాలు.
* 10×12 అంగుళాల కాన్వాస్ బోర్డు.
* సింథటిక్ కుంచెలు మూడు: ఒక వెడల్పాటిది, ఒక మధ్యరకం, ఒక సన్నటిది.
* నీటితో కలిసే రకం అవిసె నూనె చిన్న సీసా.
* పాత పింగాణీ పళ్లెం, రెండు గ్లాసులు, పాత నూలు గుడ్డలు. ఒకసారి రంగులకు వాడిన పళ్లెం, గ్లాసులు మళ్లీ వంటగదిలోకి వెళ్లకూడదు.

పూల ఎంపికలోనూ ఆరోగ్యం

మందారం చూడటానికి బాగుంటుంది గానీ ఒక్కరోజులోనే వాడిపోతుంది. చేమంతి నీళ్లలో పెడితే కొద్దిరోజులు నిలుస్తుంది. కాబట్టి కొత్తవారికి ఇదే అనువైంది. ఐదు పసుపు చేమంతులు, వాటి మధ్య ఒక తెల్లపువ్వు, నాలుగు ఆకులు... వీటికి చిన్న మట్టి కూజా తోడైతే మొదటి బొమ్మకు చాలు. ఇత్తడి చెంబు, గాజు గ్లాసు తళతళలు కొత్తల్లో తికమక పెడతాయి. వాటిని తర్వాత ప్రయత్నించొచ్చు.

అందరికీ అన్ని పూలూ పడవు. చేమంతి, బంతి కుటుంబానికి చెందిన పూలు కొందరిలో చర్మ అలర్జీని తెస్తాయి. వయ్యారిభామ కలుపు మొక్క పడనివారికి ఇవీ పడకపోవచ్చు. ఎందుకంటే అన్నీ ఒకే కుటుంబానివి. ఆస్థమా గలవారు లిల్లీ, సంపెంగ వంటి ఘాటైన పరిమళం గల పూలను మూసిన గదిలో పెట్టుకోకపోవటం మంచిది. గన్నేరు, ఉమ్మెత్త విషపూరితాలు. పిల్లలున్న ఇంట్లో వీటిని బల్ల మీద పెట్టొద్దు. పిల్లిని పెంచుకునేవారు లిల్లీ పూలను ఇంట్లోకి తేవొద్దు. వాటితో పిల్లుల కిడ్నీలు దెబ్బతింటాయి.

కూజాలో నీరు రోజూ మార్చండి. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిల్వ నీటిలోనే. నీరు పారబోయటంతోనే సరిపోదు. గుడ్లు పాత్ర గోడలకు అంటుకొని ఉంటాయి. కాబట్టి కూజాను లోపల రుద్ది కడగాలి.

బొమ్మ వేద్దామా!

అమరిక: కూజాను కిటికీకి ఒక పక్కగా పెట్టండి. వెలుతురు ఒకవైపు నుంచే పడాలి. అప్పుడే ఏది ముందుకు, ఏది వెనక్కు ఉందో కంటికి తెలుస్తుంది. వెనక ముదురు నీలం చీరో, దుప్పటో వేలాడదీస్తే పసుపు పూలు ఎత్తి చూపినట్టు కనిపిస్తాయి. అన్ని పూలూ మనవైపే తిరిగి ఉండక్కర్లేదు. ఒకటి పక్కకు, మరొకటి వెనక్కు తిరిగితేనే సహజంగా ఉంటుంది. ఒక ఫొటో తీసి పెట్టుకోండి. పూలు వాడిపోయినా బొమ్మ ఆగదు.

మొదటి పూత: బర్న్ట్ సియెన్నాను నీటితో పలుచన చేసి కాన్వాసంతా రుద్ది, గుడ్డతో తుడవండి. తెల్లటి కాన్వాసును చూస్తే కలిగే జంకు పోతుంది. ఇది ఆరాక సన్నటి కుంచెతో కూజాను, పూలగుత్తి మొత్తాన్ని ఒక్క ఆకారంగా గీయండి. రేకుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

నీడలు: కళ్లు సగం మూసి చూడండి. చిన్న చిన్న వివరాలు మాయమై వెలుగు, నీడ మాత్రమే మిగులుతాయి. నీడ పడిన చోట్లను ముందుగా నింపండి. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ కలిపితే చక్కటి ముదురు రంగు వస్తుంది. నలుపు ట్యూబు అవసరమే ఉండదు. వెనక గుడ్డనూ ఈ దశలోనే వేసేయండి. చివరికి మిగిల్చితే పూల చుట్టూ కత్తిరించి అతికించినట్టు అంచులు తేలతాయి.

పూలు: ఒక్కో చేమంతిని ముందు గిన్నెలాగానో, బంతిలాగానో ఊహించుకోండి. వెలుగు పక్క లేత పసుపు, నీడ పక్క ముదురు పసుపు వేయండి. పసుపు నీడ కోసం నలుపు కలిపితే పాచి పచ్చగా మారుతుంది. దానికి బదులు బర్న్ట్ సియెన్నా, చిటికెడు ఎరుపు కలపండి. ఆ తర్వాతే రేకులు. అన్నీ గీయనక్కర్లేదు. వెలుగు పడ్డవైపు ఏడెనిమిది రేకులు స్పష్టంగా కనిపిస్తే చాలు. మిగతావి కన్నే పూరించుకుంటుంది. తెల్లపువ్వు మొత్తం తెల్లగా ఉండదు. నీడ పక్క బూడిద నీలం, పసుపు పూల పక్కనున్న రేకు మీద లేత పసుపు ఛాయ కనిపిస్తాయి. అసలైన తెలుపును చివరి ఒకట్రెండు మెరుపులకే దాచుకోండి.

ఆకులు: నీలం, పసుపు కలిపిన పచ్చ మరీ గాఢంగా ఉంటే కాస్త ఎరుపు కలిపి తగ్గించండి.

నీటి కొలత: ఈ రంగులతో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు నీరు ఎక్కువ కావటం వల్లే. తొలి పూత తర్వాత నీటిని దాదాపు మానేయాలి. నీరు ఎక్కువైతే రంగు వెలిసినట్టు అవుతుంది. మధ్యలో జిగురులా సాగుతుంది కూడా. తర్వాతి పూతలకు రెండు చుక్కల అవిసె నూనె కలుపుకోవాలి. కింద పలుచన, పైన చిక్కన. ఆయిల్ పెయింటింగ్‌లో ఇదే మూలసూత్రం. లేకపోతే కొన్నాళ్లకు పైపూత బీటలు వారుతుంది. కుంచెను కడిగిన ప్రతిసారీ గుడ్డతో బాగా ఒత్తాకే రంగులో పెట్టండి. నీరు కలిసిన రంగు పళ్లెంలో కాస్త పాలిపోయినట్టు ఉంటుంది. ఆరాక కొద్దిగా ముదురుతుంది. దీన్నీ దృష్టిలో పెట్టుకోవాలి.

ఒకేరోజు పూర్తిచేయాలనేం లేదు. రోజుకు 45 నిమిషాల చొప్పున నాలుగైదు రోజులు కేటాయిస్తే హాయిగా సాగుతుంది.

కడగటం, ఆరబెట్టటం

కుంచెలోని రంగును ముందు గుడ్డతో గట్టిగా తుడిచేయాలి. తర్వాతే సబ్బు, గోరువెచ్చటి నీటితో కడగాలి. మిగిలిన రంగును సింకులో పారబోయొద్దు. కాగితంలో చుట్టి చెత్తలో వేయాలి. చేతికి అంటిన రంగుకు కాస్త కొబ్బరి నూనె రాసి తుడిచి, ఆపై సబ్బుతో కడుక్కుంటే పోతుంది. చర్మం పగుళ్లున్నవారు, దద్దుర్లు వచ్చేవారు నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరోటుంది. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా ఉంటే ఆ వేడి బయటకు పోలేక దానంతటదే మంట అంటుకోవచ్చు. అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి. లేదూ నీటిలో తడిపి, మూత గల డబ్బాలో పెట్టి పారేయాలి.

బొమ్మ పైకి ఆరినట్టు అనిపించటానికి పూత మందాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి వారం, రెండు వారాలు పడుతుంది. చీకటి బీరువాలో కాకుండా గాలి, వెలుతురు తగిలే చోట పెట్టాలి. చీకట్లో ఆరితే నూనె పసుపెక్కుతుంది. వార్నిష్‌కు కనీసం ఆర్నెల్లు ఆగటం మంచిది. చాలా వార్నిష్‌లలో మళ్లీ ద్రావకాలే ఉంటాయి. కాబట్టి ఆ పని బాల్కనీలోనో డాబా మీదో చేయాలి.

మెడ, వేళ్లు, కళ్లు

కాన్వాసును బల్ల మీద పడుకోబెట్టి వేస్తే మెడ, నడుము పట్టేస్తాయి. చిన్న స్టాండు మీద దాదాపు కంటి ఎత్తులో నిలబెట్టాలి. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. దూరం నుంచి చూస్తే బొమ్మలో లోపాలూ తెలుస్తాయి, నడుముకూ విశ్రాంతి లభిస్తుంది.

కీళ్లనొప్పులతో వేళ్లు బిగుసుకుపోయేవారు కుంచె పిడికి స్పాంజో గుడ్డో చుట్టి లావుగా చేసుకుంటే పట్టు తేలికవుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ రుమటాయిడ్ కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా చివరి వరకూ బొమ్మలు వేశారు. కుంచెను ఇతరులు చేతిలో పెట్టాల్సి వచ్చేది. అలాగని నొప్పిని పళ్ల బిగువున భరించాలని కాదు. వాపు, నొప్పి ఎక్కువగా ఉన్న రోజున మానేయాలి. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టాలి.

బొమ్మ వేసేటప్పుడు కన్ను దూరంగా ఉన్న పువ్వును, దగ్గరగా ఉన్న కాన్వాసును మార్చి మార్చి చూస్తుంది. చత్వారం అద్దాలతో తల పదేపదే పైకీ కిందికీ ఆడించాల్సి వస్తుంటే కళ్ల డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. ఏ దూరానికి తగిన అద్దాలు కావాలో చూస్తారు. తెలుపు పసుపుపచ్చగా, నీలం మసకగా కనిపిస్తున్నా, మీరు వేసిన రంగులు మరీ ఎర్రగా ఉన్నాయని ఇంట్లోవాళ్లు అంటున్నా శుక్లం ఏమోనని అనుమానించాలి. కలువల చిత్రాలకు పేరొందిన క్లాడ్ మోనేకు 1912లో రెండు కళ్లలోనూ శుక్లాలున్నట్టు తేలింది. ఆయన భయంతో సర్జరీని 1923 వరకు వాయిదా వేశారు. మధ్యకాలంలో వేసిన కొన్ని చిత్రాల్లో ఎరుపు, గోధుమ ఛాయలు చిక్కబడ్డాయి. ఇప్పుడు శుక్లం సర్జరీ తేలికైంది, అంతకాలం ఆగాల్సిన పనిలేదు.

మనసుకు ఎంత మేలు?

అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఒక చిన్న అధ్యయన ఫలితాలు ప్రచురించారు. ఇందులో 39 మంది పెద్దవారు 45 నిమిషాల సేపు మట్టితో, రంగు పెన్నులతో, కాగితం ముక్కలతో తమకు నచ్చినవి చేశారు. సుమారు 75% మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిజోల్ తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఈ ఫలితం కనిపించింది. ఇది చిన్న అధ్యయనం. వాడినవీ ఆయిల్ రంగులు కావు. కానీ బాగా వేయటం రాకపోయినా మేలు కలగొచ్చన్న సంగతి మాత్రం ధైర్యాన్నిచ్చేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక కూడా 3 వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, జబ్బుల నివారణలో, చికిత్సలో కళలు తోడ్పడతాయని పేర్కొంది.

తోడ్పాటు వేరు, చికిత్స వేరు. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, ఇష్టమైన పనుల మీదా ఆసక్తి పోయినా, నిద్ర, ఆకలి తగ్గినా మానసిక వైద్యుడిని కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసినా సలహా దొరుకుతుంది. ‘బొమ్మలు వేసుకో, అదే పోతుంది’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టటం తగదు. అలాగే వాడుతున్న మందులు ఆపేయొద్దు.

ఎదువా మానే అనే ఫ్రెంచి చిత్రకారుడు 1883లో కన్నుమూశారు. చివరి నెలల్లో నడవటమే కష్టమైంది. పెద్ద కాన్వాసుల ముందు నిలబడే శక్తి లేదు. చూడవచ్చిన స్నేహితులు తెచ్చిన పూలను గాజు పాత్రల్లో పెట్టుకొని, చిన్న చిన్న కాన్వాసుల మీద చిత్రించారు. గులాబీలు, లైలాక్‌లు, కొద్దిపాటి నీళ్లు, వాటిలో మునిగిన కాడలు... అంతే. ఒంట్లో ఎంత శక్తి ఉందో అంతకు తగ్గ బొమ్మను ఎంచుకోవటమే ఆయన చేసింది. మన ఇంట్లోనూ ఆయాసంతోనో, కీళ్లనొప్పులతోనో, వాసన పడకో కుంచె వదిలేసినవారు ఉంటే వచ్చే ఆదివారం పూలమార్కెట్ నుంచి దండతో పాటు కాడలున్న చేమంతులు నాలుగు తెచ్చిపెట్టండి. కిటికీ తెరిచి, పక్కన గ్లాసుడు నీళ్లు పెడితే చాలు. మిగతాది వాళ్లే చూసుకుంటారు.